మా అమ్మ పోసింది

కుదరబోతున్న ఒక సంబంధాన్ని బస్టాండు దాకా పరిగెత్తించి, పెండ్లికొడుకు చేతికి సూది పొడిపించి, ఒక వీధి ఆడవాళ్లందరి చేతా ఒకేసారి తిట్లు తిన్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే కాస్త దగ్గరికి రండి. ఆ మనిషిని నేనే. భయపడకండి, ఇప్పుడు నా వల్ల ఎవరికీ ప్రమాదం లేదు. కానీ ఆ రోజుల్లో నేను చేతిలో ఒక చిన్న రెమ్మ పట్టుకుని బయటికొస్తే చాలు, నంద్యాలలో మా వీధివాళ్లు నెత్తిన కడవలతో ఆబోతుకు ఎదురుపడ్డట్టు గోడకు కరుచుకునేవాళ్లు.

కర్నూలు కొత్తగా రాజధాని అయి, గుడారాల్లో సర్కారు నడుస్తున్న కాలం అది. నాకు ఇరవై నిండీ నిండని వయసు. పుట్టింది బర్మాలో, మౌల్మేను అనే ఊళ్లో. నాన్న శ్రీకాకుళం వైపు మనిషి; రంపపు మిల్లులో పనికని ఓడెక్కి వెళ్లి అక్కడే ఉండిపోయాడు. అమ్మ బర్మా ఆమె. ఆమె నన్ను ఖిన్ అని పిలిచేది, నాన్న కన్నమ్మా అనేవాడు. మా ఆయనది ఆళ్లగడ్డ. యుద్ధంలో సిపాయిగా బర్మా వచ్చి, యుద్ధం అయిపోయినా ఊరికి పోకుండా మా ఊరి బియ్యం మిల్లులో ఇంజను మెకానిక్కుగా కుదురుకున్నాడు. పెళ్లయిన కొన్నేళ్లకు నాన్న పోయాడు. పరాయి దేశం వాళ్లకు బర్మాలో పనులు దొరకడం కష్టమవుతూ వచ్చింది. నంద్యాల నూనెమిల్లులో మెకానిక్కు కావాలన్నారని తెలిసి, ఓడెక్కి మద్రాసులో దిగి, రైళ్లు మారి ఇక్కడికొచ్చాం.

ఆళ్లగడ్డలో మా అత్తగారు చెన్నమ్మ ఉన్నారు. కొడుకు బర్మా నుంచి పెండ్లాన్ని తెస్తున్నాడని తెలిసి ఆమె ఒకే మాట అన్నారట: "వాడు రానీ, అది నా గడప తొక్కగూడదు." అందుకే మేం నంద్యాలలో దిగిపోయాం.

రైల్లో మా ఆయన నాకు ఒక ఉపదేశం చేశాడు. "సూడు, నువ్వేం బయపడాకు. ఈడ జనం ఏం చేస్తే నువ్వూ అదే చెయ్యి. ఎవురన్నా నీకు మర్యాద చేస్తే తిరిగి అంతకు రెండింతలు చెయ్యి. ఇంగ నువ్వు ఈడిదానివే అయిపోతావు."

మంచి మాటే. ఇంత మంచి మాట ఇంత నాశనం చేస్తుందని అతనికి మాత్రం ఏం తెలుసు?

నాకు తెలుగు వచ్చనే అనుకున్నాను. నాన్న దగ్గర నేర్చుకున్నానుగా! తీరా నంద్యాలలో దిగాక, నేను నేర్చుకున్నది తెలుగో, సముద్రం మీద ఎక్కడో తడిసి చివికిన ఇంకో భాషో అర్థం కాలేదు. ఎదురింటి లక్ష్మక్క మొదటి రోజే వచ్చి, "యాడిదానివమ్మా?" అని అడిగింది. ఏడ్చేదానివా అన్నట్టు వినపడింది నాకు. "లేదండీ, కంట్లో నలుసు పడింది," అన్నాను. కూరగాయలామె గంప దించి "దుడ్లుండాయా?" అంటే, "మాకు ఆవే లేదండీ, దూడలెక్కడివి?" అన్నాను. ఆ రోజు ఆమె మా వీధిలో కూరలు అమ్మిన సమయం కన్నా నవ్విన సమయమే ఎక్కువ.

అసలు సంగతి ఇంకొకటి ఉంది. నేను మెలకువలోనూ కలలు కనే మనిషిని. అన్నం వారుస్తూ గంజి ధార చూస్తే సాల్వీన్ నది మీద వాన కురుస్తున్నట్టు ఉండేది. కొండ మీద పగోడా గంటలు గాలికి మోగేవి. అమ్మ పడవ రేవులో నిలబడి చెయ్యి ఊపేది. నేనూ ఊపేదాన్ని. తేరుకుని చూస్తే గంజితో పాటు అన్నం కూడా వెళ్లిపోయి ఉండేది. మధ్యాహ్నం ఇంటి పైకప్పు నాపరాళ్లు పెనంలా కాలుతుంటే, అరుగు మీద కూర్చుని దూరంగా నీలంగా కనిపించే నల్లమల కొండల్ని చూస్తూ, వాటి వెనకే మా ఊరు ఉందేమో, గట్టిగా పిలిస్తే అమ్మ పలుకుతుందేమో అనుకునేదాన్ని. వీధి ఆడవాళ్లు మంచివాళ్లే. నవ్వుతూ పలకరించేవాళ్లు. కానీ ఒక్కరూ గడప దాటి లోపలికొచ్చి, చాప మీద కూర్చుని, మంచినీళ్లు అడగలేదు. నాకు కావలసింది అదొక్కటే.

ఎండలు ముదిరిన రోజుల్లో మా ఆయన ఆళ్లగడ్డ పోవలసి వచ్చింది. అక్కడ మిల్లువాళ్ల ఇంకో ఇంజను మొండికేసిందట. "అమ్మను గూడ ఒగసారి అడిగొస్తా," అని వెళ్లాడు. అతను వెళ్లిన మరునాడే నాకు ఎండదెబ్బ తగిలి ఒళ్లు వెచ్చబడింది. అప్పుడు గుర్తొచ్చింది అమ్మ ఇచ్చిన సంచి.

బర్మాలో ఒక చెట్టు బెరడును గంధంలా అరగదీసి మొహానికి పూసుకుంటాం. పసుపు కలిపిన మీగడలా ఉంటుంది. ఎండకు అంతకు మించిన మందు లేదు. దాని పేరు తనఖా. అవును, పేరు అదే, నేనేం చేయను! అమ్మ దాన్ని అరగదీసి, ఎండబెట్టి, పొడి చేసి, సంచి నిండా పోసి ఇచ్చింది. నీళ్లు కలిపి బుగ్గలకూ మెడకూ చేతులకూ దట్టంగా పట్టించాను. తడిసిన చెక్క వాసన గుప్పుమంది. కళ్లు మూసుకుంటే చాలు, మా ఊరి వాన, మా ఊరి గంటలు. అరుగు మీద గోడకు జారగిలబడి నేను మౌల్మేను వెళ్లిపోయాను.

"ఏందమ్మా అది, మొగానికి?"

కళ్లు తెరిస్తే లక్ష్మక్క. వీధిలో ఎవరింట్లో పాలు విరిగినా అందరికన్నా ముందు తెలిసేది ఆమెకే.

"తనఖా అండీ."

"తనఖానా! మొగాన్ని తనఖా పెడతారా యాడన్నా? ఎవురికి పెడ్తివి?"

"పేరండీ, పేరు. చల్లగా ఉంటాది."

ఆమె ఒక కాలు అరుగు మీద పెట్టి నా మొహంలోకి తొంగి చూసింది. "కండ్లు ఎర్రగుండాయే. జరమొచ్చిందా?"

"కొంచెం వచ్చిందండీ."

"చేతులకు గూడ ఉండాదే! మెడకు గూడానా? ఇదెట్లొచ్చె నీకు?"

మా అమ్మ దీన్ని అరగదీసి, ఎండబెట్టి, పొడి చేసి, సంచిలో పోసి ఇచ్చింది అని చెప్పాలి. చూశారా, ఆ ఒక్క వాక్యంలో ఎన్ని పనులున్నాయో! జ్వరంలో, నిద్రమత్తులో, నా తెలుగు ఒక్క పనికి మించి మోయలేకపోయింది. అన్నిట్లోకీ తేలికైన మాట ఎంచుకున్నాను.

"అమ్మ పోసింది."

లక్ష్మక్క కాలు అరుగు మీద నుంచి దానంతటదే దిగిపోయింది. రెండు చేతులూ జోడించింది. మా అమ్మ అంటే ఈ దేశంలో ఎంత గౌరవం అని నాకు గుండె నిండిపోయింది.

"ఎబ్బుడు పోసె తల్లీ?" అంది గుసగుసగా.

"ఓడ ఎక్కే ముందే. నిండుగా పోసింది."

"నిండుగానా!"

"లోపల ఇంకా చాలా ఉందండీ. మీక్కూడా ఇవ్వనా?"

అంత లావు మనిషి అంత వేగంగా పరిగెత్తగలదని నేను కలలో కూడా అనుకోలేదు.

మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఈ సీమలో 'అమ్మ పోసింది' అంటే మశూచికం వచ్చిందని. నాకు మాత్రం అర్థం కాలేదు. సాయంత్రం నిద్ర లేచి చూస్తే మా గుమ్మానికి రెండు వైపులా పచ్చటి వేపకొమ్మలు కట్టి ఉన్నాయి. నేను నిలబడిపోయాను. మా బర్మాలో తబ్యే అని నేరేడు జాతి చెట్టు ఒకటి ఉంది. ఇంట్లో శుభం జరిగితే దాని లేత కొమ్మలు పెడతాం. గెలిచి వచ్చినవాళ్ల చేతికి ఇస్తాం. రమ్మని, మా మనిషివే అని చెప్పే ఆకులవి. ఇక్కడ వేప అన్నమాట! చెట్టు మారింది గానీ మనసు అదే. కొమ్మను బుగ్గకు ఆనించుకుని కాసేపు ఏడ్చాను. సంతోషంతోనే.

ఆ మర్నాటి నుంచి నేను గడిపిన రోజుల్ని ఏమని చెప్పను! ఆడవాళ్లు పొద్దున్నే వచ్చి గుమ్మం ముందు పసుపు నీళ్లు చల్లి, అంబలి ముంత ఒకరు, మజ్జిగ చెంబు ఒకరు పెట్టి, దూరం నుంచే దండం పెట్టేవాళ్లు.

"సల్లంగ సూడు తల్లీ," అనేవాళ్లు.

"చూస్తానండీ, తప్పకుండా చూస్తాను," అని మాట ఇచ్చేదాన్ని.

పక్కింటి కాశింబీ, పరుపులు కుట్టే ఆయన భార్య, కర్బూజ పండొకటి గడప దగ్గర దొర్లించి, "మా పిల్లోళ్ల మీదికి రావాకమ్మా, జర మెహర్బానీ చెయ్యి," అంది. నాకు పిల్లల మాట ఒక్కటే తెలిసింది. "వాళ్లనే ఇక్కడికి పంపండి, నేను ఆడిస్తాను," అన్నాను. ఆమె పిల్లల్ని చంకన వేసుకుని వారం పాటు పుట్టింటికి వెళ్లిపోయింది.

వీధి మొత్తం మెత్తబడింది. కుళాయి దగ్గర పోట్లాటలు లేవు. గట్టిగా మాట్లాడేవాళ్లు లేరు. ఏ ఇంట్లోనూ తాలింపు ఘాటు లేదు. అమ్మవారికి తాలింపు వాసన పడదని వాళ్లందరూ చప్పిడి కూడు తింటున్నారని నాకేం తెలుసు? నా మధ్యాహ్నపు నిద్ర చెడకూడదని, నాకు దగ్గు రాకూడదని వీధి వీధంతా ఇంత జాగ్రత్త పడుతోందనుకున్నాను. రోజూ తనఖా ఇంకాస్త మందంగా పూసుకుని, మహారాణిలా అరుగు మీద కూర్చుని, అంబలి తాగుతూ, ఇంత మర్యాద గల ప్రజలు లోకంలో ఎక్కడా లేరని అమ్మకు మనసులో చెప్పుకునేదాన్ని. టీకాలాయనకు తెలిస్తే అందరికీ సూది పొడుస్తాడన్న భయంతో వీధివాళ్లు ఈ సంగతి బయట ఎక్కడా చెప్పలేదట. అందుకే నా వైభవం అన్ని రోజులు నిరాటంకంగా సాగింది.

ఇంతలో లక్ష్మక్క కూతురు రత్నమ్మకు సంబంధం కుదిరింది. పెండ్లికొడుకుది ఆళ్లగడ్డ. వక్కాకు పుచ్చుకుని పెండ్లి ఖాయం చేసుకోవడానికి అతని వాళ్లు వచ్చే రోజు పొద్దున, లక్ష్మక్క మా గుమ్మం ముందుకొచ్చి, దండం పెట్టి, కట్టిన కొమ్మల్ని ఒక్కొక్కటే విప్పేసింది.

"తప్పు కాయి తల్లీ. ఈ ఒక్క పొద్దుకు తలుపేసుకోని లోపలుండు. ఆళ్లగడ్డోళ్లు వస్తాండారు," అంది.

నా చెవిన పడింది 'తప్పు', 'తలుపు' రెండే. తలుపు మూసుకుని కూర్చున్నాను. కొమ్మలు లేని గుమ్మం, పక్షులు ఎగిరిపోయిన గూడులా ఉంది. ఎదురింటి పెరట్లో వీధి ఆడవాళ్లందరూ వంటలు చేస్తున్నారు. నవ్వులు వినిపిస్తున్నాయి. నన్ను పిలవలేదు. తప్పు చేశానన్నారు. ఏం తప్పు? ఆలోచించగా ఆలోచించగా తట్టింది. ఇన్నాళ్లు వాళ్లు నాకు ఆకులు కట్టారు, అంబలి ఇచ్చారు, దండాలు పెట్టారు. నేను తిరిగి ఎవరికి ఏం చేశాను? మా ఆయన అంత చెప్పి పంపినా, రాణిలా కూర్చుని తిన్నాను! వాళ్లు ఆకులు తీసుకుపోక ఏం చేస్తారు?

పెరటి గోడ అవతల పెద్ద వేపచెట్టు ఉంది. కత్తిపీట తీసుకుని వెళ్లాను.

ఆడవాళ్లు పెరట్లో, మగవాళ్లు అంగళ్లలో. వీధిలో పురుగు లేదు. లక్ష్మక్క గుమ్మానికి మామిడాకుల తోరణం ఉంది గానీ, పాపం, పలచగా ఉందనిపించింది. దాన్ని మూసేసేటట్టు వేపకొమ్మలు గుబురుగా కట్టాను. ఒక్కరికే చేస్తే మిగతావాళ్లు నొచ్చుకోరూ? ఆ పక్కింటికి కట్టాను. దాని పక్కింటికీ కట్టాను. తాళం వేసి ఉన్న కాశింబీ ఇంటినీ వదల్లేదు. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా పచ్చగా కళకళలాడుతుంటే, మౌల్మేనులో మా వీధే లేచి వచ్చి ఇక్కడ నిలబడినట్టు అనిపించింది. గాలికి ఆకులు ఊగుతుంటే గంటలు కూడా వినిపించాయి.

అవి ఎద్దుల మెడల్లో గంటలు. బస్టాండు నుంచి పెండ్లివాళ్లు మూటాముల్లెతో రెండెద్దుల బండ్లలో వస్తున్నారు. వీధి మొదట్లో దిగారు. ముందు తెల్లటి తలపాగాతో, దూలం లాంటి మీసంతో పెండ్లికొడుకు చిన్నాయన. ఒక్క అడుగు వేసి ఆగిపోయాడు.

"ఆగండ్రా! ఏందిది, ఈ పక్కిల్లు... ఆ పక్కిల్లు... ఓయప్పా, వీధంతా తల్లి పోసినట్టుండాదే!"

"పెండ్లికూతురింటికి గూడ ఉండాది సూడు మామా!"

సరిగ్గా అప్పుడు వాళ్లకు ఎదురుగా ఎవరొచ్చి ఉంటారనుకుంటారు? శుభకార్యమని తనఖా మామూలుకన్నా రెండింతలు పట్టించి, మిగిలిన పెద్ద వేపకొమ్మ భుజాన పెట్టుకుని, చెవుల దాకా నవ్వుతూ నేను.

"రండి, రండి! అందరికీ కట్టేశాను! మీక్కూడా ఉన్నాది!"

మనుషులు పరిగెత్తడం నేను యుద్ధంలో చూశాను. బాంబులు పడేటప్పుడు కూడా జనం ఇంత పద్ధతిగా, ఒకే దిక్కుకు పరిగెత్తలేదు. టెంకాయలు దొర్లాయి. పెండ్లికొడుకు చెప్పు ఒకటి నా కాళ్ల దగ్గర ఆగింది. దుమ్ము అణిగాక చూస్తే, మా వీధి మొదటి అరుగు మీద ఒక పెద్దామె మాత్రం కదలకుండా కూర్చుని ఉంది. నల్లటి నిండు మనిషి. మొహం నిండా లోతైన స్ఫోటకపు మచ్చలు.

"ఎవురమ్మా నువ్వు? ఈ కొమ్మలు ఎవురు కట్టిరి?"

"నేనే అండీ."

"తల్లి పోసింది ఎవురికి?"

"నాకేనండీ. మా తల్లే పోసింది. బర్మా నుంచి వచ్చేటప్పుడు."

ఆమె చూపు మారింది. "బర్మానా? మీ ఆయన పేరేంది?"

మొగుడి పేరు పలకకూడదని ఇక్కడికొచ్చాక నేర్చుకున్నాను. "పేరు చెప్పకూడదండీ. అహోబిలంలో దేవుడి పేరే."

"ఓబులేసా?"

"మీరే అన్నారు, నేననలేదు."

ఆమె లేచి నా దగ్గరికొచ్చింది. నా గడ్డం పట్టుకుని మొహం ఎండకు తిప్పింది. బొటనవేలితో నా బుగ్గ మీద గట్టిగా ఒక గీత గీసింది. తనఖా పెళ్లలుగా రాలింది. కింద నా చర్మం, చెమట పట్టి, నున్నగా. అమ్మను వదిలి వచ్చాక నా బుగ్గను ముట్టుకున్న మొదటి ఆడమనిషి చెయ్యి అది. వంటింట్లో నుంచి వచ్చినట్టు దానికి మెంతుల వాసన ఉంది. నాకు అక్కడే నిలబడి నిద్రపోవాలనిపించింది.

"తల్లీ లేదు, ఏమీ లేదు! గంధం పూసుకోనుండాది ఇది!" అంది. నా గడ్డం వదలకుండానే, "నేను ఓబులేసు అమ్మను," అంది.

అత్తగారు! పెండ్లికొడుక్కు ఆమె మేనత్త అవుతుందట. కొడుకు ఎంత బతిమాలినా రానని చెప్పి, అతను మిల్లుకు పోగానే పెండ్లివాళ్లతో బస్సెక్కిందట. నన్ను చూడటానికి కాదు, వక్కాకుకే వచ్చానని ఆ తర్వాత బతికినన్నాళ్లూ అంటూనే ఉంది.

ఇంతలో అలికిడికి ఆడవాళ్లందరూ బయటికొచ్చారు. లక్ష్మక్క తన గుమ్మాన్ని చూసి కుప్పకూలింది. "ఓయమ్మా! నా కొంపకు గూడ కట్టినావా! ఆళ్లగడ్డోళ్లు యాడ?"

"పారిపోయిరి," అంది అత్తగారు. "దీనికి ఏ జబ్బూ లేదు. మీకెవురు సెప్పిరి ఉండాదని?"

"అదే సెప్పె! అమ్మ పోసిందనె!"

"ఏం పోసిందే మీ అమ్మ?" అని అత్తగారు నావైపు తిరిగింది.

లోపలికి పోయి సంచి తెచ్చి, పిడికెడు పొడి తీసి చూపించాను. "ఇది. సంచిలో. పోసింది."

ఆడవాళ్లందరూ ముందుకు వంగి పొడిని చూశారు. తర్వాత వీధి చివరి ఇంటామె గొంతు లేచింది. "ఇన్నాళ్లు తాలింపు లేని పప్పు తింటిమి గదే! నా మొగుడు రోజూ అన్నం తట్ట ఇసిరేస్తాండె!"

"నేను తలకు నీళ్లు గూడ పోసుకోకపోతి!"

"నా అంబలి ముంతలన్నీ తాగేసె!"

తిట్లు వానలా కురిశాయి. విచిత్రం ఏమంటే, ఆ తిట్లలో ఒక్కటీ నాకు అర్థం కాకుండా పోలేదు. తెలుగు వచ్చిందంటే అదే వచ్చింది. కానీ అవతల రత్నమ్మ గుమ్మానికి ఆనుకుని, కట్టుకున్న కొత్త చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఆ పిల్లను చూశాను. నా కలలన్నీ ఒక్కసారి కరిగిపోయి, ఎండ మాత్రం మిగిలింది.

"ఇంగ సాలు," అంది అత్తగారు. నా చెయ్యి పట్టుకుంది. "బస్సు ఇంగా పోయుండదు. దా, బేగా నడువు."

బస్టాండులో మేం చూసిన దృశ్యం మీరు ఊహించలేరు. చిన్నాయన అక్కడికి పోయి, ఫలానా వీధంతా అమ్మవారేనని కేకలు పెట్టాడట. పాపం, పక్కనే టీ తాగుతున్న మనిషి ఎవరో చూసుకోలేదు. ఆయన టీకాలాయన. పెట్టె తెరిచి, బస్సు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "ఆ వీధిలో కాలు పెట్టినోళ్లు టీకా ఏపిచ్చుకోకుండా బస్సెక్కేదిల్లేదు," అంటున్నాడు. పెండ్లివాళ్లందరూ చొక్కాల చేతులు మడుచుకుని వరసగా నిలబడి ఉన్నారు. అప్పటికే టీకా అయిన పెండ్లికొడుకు ఒంటి చెప్పుతో చిన్నాయన భుజం మీద వాలిపోయి ఉన్నాడు.

అత్తగారు చలివేంద్రం కుండలో కొంగు ముంచి, అందరి ముందూ నా మొహం బరబరా తుడిచింది.

"సూడండ్రా బాగ! ఇది నా కోడలు. దీనికి తల్లి పోయలేదు, పాడు పోయలేదు. బర్మాలో ఎండకు ఇట్ల గంధం పూసుకుంటారంట. ఇంతింత మీసాలు పెట్టుకోని ఆకుల్ని సూసి పరిగెత్తితిరా!"

నా కోడలు! నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను, మిగతాది సరిగా వినలేదు.

చిన్నాయన అనుమానంగా చూశాడు. "మరి వీధంతా ఎందుక్కట్టె?"

అందరూ నావైపు చూశారు. నేను తల వంచుకుని నిజం చెప్పాను. "మర్యాదకండీ."

ముందు నవ్వింది పెండ్లికొడుకు. టీకా వేసిన చెయ్యి పట్టుకుని, నొప్పితో 'అబ్బా' అంటూ నవ్వాడు. ఆ తర్వాత బస్టాండు మొత్తం నవ్వింది. నేను వంగి అతని చెప్పు అతని ముందు పెట్టాను. ఎప్పుడు చేతిలోకి తీసుకున్నానో నాకే తెలియదు, వీధి నుంచి అక్కడి దాకా దాన్ని మోసుకొచ్చానట.

వక్కాకు ఆ పూటే పుచ్చుకున్నారు. టీకాలాయన కూడా పెట్టెతో వాళ్ల వెనకే వచ్చి, భోజనాలకు కూర్చున్నవాళ్లను కూర్చున్నట్టే పట్టుకున్నాడు. కుడిచేత అన్నం, ఎడమచేత టీకా. పెండ్లికూతురికీ వేశాడు, లక్ష్మక్కకూ వేశాడు, నాకూ వేశాడు.

సాయంత్రం అత్తగారు మా గడప దాటి లోపలికొచ్చి, చాప మీద కూర్చుని, మంచినీళ్లు అడిగింది. ఇల్లిల్లూ తాలింపు పెడుతోంది. ఆవాలు చిటపటమంటున్నాయి. ఇంగువ, ఎండుమిరపకాయల వాసన వీధి మీద తెరలు తెరలుగా పరుచుకుంది. నాకు దగ్గొచ్చింది. ఆమె కాసేపు గాలి విసురుకుని, ఎటో చూస్తూ, "ఏదీ, నాక్కూడా రవ్వంత పూయి. మొగం మండతాంది," అంది. పొడి తడిపి ఆ మచ్చల బుగ్గల మీద నెమ్మదిగా పూశాను. గుంటల్లోకి వేలు జారుతుంటే ఆమె కళ్లు మూసుకుంది. ఏ నది ఒడ్డుకు వెళ్లిందో, నేను అడగలేదు.

మా ఆయన మర్నాడు పొద్దున్నే వచ్చాడు. ఇంటి ముందు విప్పి పడేసిన వేపకొమ్మల గుట్ట, అరుగు మీద మొహం నిండా పచ్చగా తల్లి. చేతిలో సంచి జారిపోయింది. "అమ్మా! నీకెట్లొచ్చె ఇది?"

"నీ పెండ్లాం పూసింది లేరా. లోపలికి పోయి కాళ్లు కడుక్కో," అంది ఆమె.

అదే పొద్దున టీకాలాయన మళ్లీ వచ్చాడు. నేను దాక్కోబోయాను. ఆయన నవ్వుతూ నన్ను పిలిచాడు. ఆ వీధిలోకి తను వచ్చినప్పుడల్లా జనం పెరటి గోడలు దూకి పారిపోయేవాళ్లట. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక వీధి మొత్తానికి ఒకే పూటలో టీకా వేయడం ఇదే మొదటిసారట. చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"అమ్మా, రేపు గోస్పాడుకు పోతాండా. ఆడ ఒగడు గూడ చెయ్యి సాపడు. నువ్వు కొంచెం ముందుగా పోయి, నాలుగిండ్లకు కొమ్మలు కట్టి రాకూడదా?"

ఆ రోజు నేను తీసుకున్న ప్రతిజ్ఞను మీ అందరి సాక్షిగా మరోసారి చదువుతున్నాను. నా ఎడమచేతి టీకా మచ్చ మీద కుడిచెయ్యి ఉంచి ప్రమాణం చేస్తున్నాను: ఎవరు ఎంత మర్యాద చేసినా, ఎన్ని ముంతల అంబలి పోసినా, ఆ ఇంటి ఇల్లాలిని అడగకుండా, ఆమె చెప్పింది నాకు అర్థమైందో లేదో మా ఆయనతో సరిచూసుకోకుండా, ఈ జన్మలో ఎవరి గుమ్మానికీ ఏ చెట్టు ఆకూ కట్టను. గోస్పాడువాళ్లు నిశ్చింతగా నిద్రపోవచ్చు.